డీప్ పర్పుల్ ‘బనానాస్’: లోపం మీ చెవిలో లేదు

మీరు అడిగింది ఇదీ: గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది అయింది. డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండు పాత రికార్డులు ‘మెషీన్ హెడ్’, ‘మేడ్ ఇన్ జపాన్’ రెండూ అరిగిపోయేలా విన్నారు. వ్యోమగామి కల్పనా చావ్లా ఈ బ్యాండు అభిమాని అన్న సంగతి ఎక్కడో చదివి, 2003లో వచ్చిన ‘బనానాస్’ తెప్పించుకున్నారు. నాలుగు సార్లు విన్నారు. ఒక్క పాటా విసుగు పుట్టించలేదు, కానీ ఒక్కటీ మర్నాటికి గుర్తు లేదు. "లోపం నా చెవిలో ఉందా, రికార్డులో ఉందా? తర్వాతి కాలం వాటిల్లో ఏది వినాలి?" అని అడిగారు.

మీ ప్రశ్న చూశాక ఆ రికార్డు మళ్ళీ తీసి రెండు సార్లు పూర్తిగా విన్నాను. మీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది. మీకు అనిపించిందే ఇరవై ఏళ్ళ క్రితం నాకూ అనిపించింది. ఆ అనిపించడానికి కారణాలు ఏమిటో వేలు పెట్టి చూపించవచ్చు. చూపిస్తే మీ గిటార్ నేర్చుకోవడానికి కూడా పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి, ఎందుకంటే నా వినికిడి డ్రమ్స్ వైపు నుంచి వచ్చింది. మా కోస్తా ఊళ్ళలో ఆర్కెస్ట్రా పార్టీల్లో డ్రమ్ సెట్టుని ‘జాజ్’ అనేవాళ్ళు. నేను జాజ్ వాయించేవాణ్ణి. వినాయక చవితి పందిళ్ళు, పెళ్ళి రిసెప్షన్లు, తీర్థాలు, ఇలా పాతికేళ్ళు. ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. రాత్రి కచేరీ అయ్యాక ఇంటికొచ్చి ‘మేడ్ ఇన్ జపాన్’ క్యాసెట్ పెట్టుకుని, ఆ బ్యాండు డ్రమ్మర్ ఇయాన్ పేస్ ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ ఎక్కడెక్కడ పడుతున్నాయో తొడ మీద వేళ్ళతో కొట్టుకుంటూ నేర్చుకున్నవాణ్ణి. 1968లో బ్యాండు పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రతి రికార్డులోనూ ఉన్న మనిషి పేస్ ఒక్కడే. కాబట్టి ఈ బ్యాండు ఏ కాలంలో ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేను ముందు ఆయన్నే వింటాను.

‘బనానాస్’లో పేస్ ఎలా ఉన్నాడంటే, నిక్షేపంగా ఉన్నాడు. మీకు విసుగు పుట్టకపోవడానికి మొదటి కారణం అదే.

ఇప్పుడు ఆ రికార్డు ఏ పరిస్థితిలో తయారైందో చూడండి. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ 1993 చివర్లో పర్యటన మధ్యలో బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్న కచేరీలకు కొంతకాలం జో సత్రియానీ వచ్చి వాయించాడు. 1994లో స్టీవ్ మోర్స్ చేరాడు. మోర్స్ అమెరికావాడు, డిక్సీ డ్రెగ్స్ అనే బృందంతో పేరు తెచ్చుకున్నవాడు. ఆయనతో 1996లో ‘పర్పెండిక్యులర్’, 1998లో ‘అబాండన్’ వచ్చాయి. ఆ తర్వాత ఐదేళ్ళు కొత్త రికార్డు లేదు. ఆ మధ్యలో పాత పనొకటి బ్రతికించారు. ఆర్గాన్ వాయించే జాన్ లార్డ్ 1969లో బ్యాండుకీ సింఫనీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన కన్చెర్టో స్వరపత్రం పోయింది. నెదర్లాండ్స్‌కి చెందిన యువ స్వరకర్త మార్కో డి గూయ్ రికార్డింగు వింటూ దాన్ని మళ్ళీ రాసి పెట్టాడు. దాన్ని 1999లో లండన్‌ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వాయించారు. ఆ తర్వాత 2001లో లార్డ్‌కి మోకాలి దెబ్బ తగిలితే ఆయన బదులు డాన్ ఎయిరీ వచ్చాడు. 2002లో లార్డ్ బ్యాండు నుంచి విరమించుకున్నాడు. ఎయిరీ ఆయన స్థానంలో స్థిరపడ్డాడు.

అంటే 2003 నాటికి, ‘మెషీన్ హెడ్’ నాటి ఐదుగురిలో మిగిలింది ముగ్గురు. డ్రమ్స్ మీద పేస్, బేస్ మీద రోజర్ గ్లోవర్, పాడేవాడు ఇయాన్ గిల్లన్. డీప్ పర్పుల్ గొంతు అనదగిన రెండు వాద్యాలు గిటార్, ఆర్గాన్. ఆ రెండూ కొత్త చేతుల్లో ఉన్నాయి. లార్డ్ లేకుండా తయారైన మొట్టమొదటి డీప్ పర్పుల్ స్టూడియో రికార్డు ‘బనానాస్’. ఈ మాట మీరు గుర్తు పెట్టుకోండి, ఇక చెప్పబోయేదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

మీరు అరగదీసిన ‘మెషీన్ హెడ్’కి వద్దాం. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో తీశారు. రికార్డింగు అనుకున్న క్యాసినో, ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా తగలబడిపోయింది. చివరికి చలికాలం మూసేసి ఉన్న గ్రాండ్ హోటల్ నడవాల్లో పరుపులు, దుప్పట్లు అడ్డం పెట్టుకుని వాయించారు. ఆ కథ మీకు ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాటలోనే ఉంది. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ రికార్డులో ఏడే పాటలు. పాటకి చోటుంది. ‘లేజీ’ వినండి. చాలాసేపటి దాకా గిల్లన్ నోరే విప్పడు. ముందు లార్డ్ ఆర్గాన్ ఒక్కటే గొణుగుతుంది, తర్వాత గిటార్ వచ్చి దాని మాటకు అడ్డు తగులుతుంది, ఇద్దరూ వంతులు వేసుకుంటారు, వంతులు కాస్తా వాదులాటలవుతాయి. కింద పేస్ స్వింగ్ నడక వదలడు. ఆయనకి జాజ్ సంగీతంలో పెద్ద డ్రమ్మర్లు జీన్ క్రూపా, బడ్డీ రిచ్ అంటే ప్రాణం. ఆ ఊగే నడక అక్కణ్ణుంచే వచ్చింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం. లార్డ్ తన హామండ్ ఆర్గాన్‌ని మామూలుగా అందరూ వాడే, లోపల కొమ్ము గిర్రున తిరిగే లెస్లీ స్పీకరుకు మాత్రమే వదిలిపెట్టలేదు. గిటారిస్టులు వాడే మార్షల్ ఆంప్లిఫయరుకి తగిలించాడు. దాంతో ఆర్గాన్ గిటార్‌లాగే గరగరలాడింది. అంటే గిటారిస్టు చెయ్యాల్సిన పని సగం ఆయన లాక్కున్నాడు. బ్లాక్‌మోర్ ఊరుకునే మనిషి కాదు. ఇద్దరికీ వేదిక మీద ఒకే జాగా కావాలి. ఆ జాగా కోసం జరిగిన పెనుగులాటే మీరు ‘మేడ్ ఇన్ జపాన్’లో విని ఒళ్ళు జలదరించిన సంగీతం. మన కచేరీల్లో మంచి మృదంగం, మంచి ఘటం ఎదురెదురుగా కూర్చుని తని ఆవర్తనంలో ఒకరి ముక్తాయింపుకి ఇంకొకరు జవాబివ్వడం మీరు చూసే ఉంటారు. సభ అంతా ముందుకు వంగి వింటుంది, ఎందుకంటే తర్వాత ఏం జరుగుతుందో వాయించేవాళ్ళకి కూడా తెలియదు.

‘బనానాస్’లో ఆ పెనుగులాట లేదు. ఎంత గట్టిగా చెప్పినా ఇంతే సంగతి. ఎవరూ ఒళ్ళు దాచుకోలేదు. ఎవరి చెయ్యీ తడబడలేదు. ఎయిరీ సామాన్యుడేం కాదు. రెయిన్‌బో, గ్యారీ మూర్, ఆజీ ఆస్బర్న్ లాంటి వాళ్ళ దగ్గర పనిచేసి వచ్చినవాడు. ‘మిస్టర్ క్రౌలీ’ మొదట్లో వినపడే ఆ గుడి లాంటి కీబోర్డు నాదం ఆయనదే. కానీ ముప్పై ఏళ్ళుగా ఒక మహానుభావుడు కూర్చున్న పీట మీద కొత్తగా కూర్చున్నాడు. మోర్స్ కూడా స్వభావ రీత్యా మర్యాదస్తుడైన వాద్యకారుడు. నువ్వు కానివ్వు అంటే నువ్వు కానివ్వు అన్నట్టు ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. సోలో వంతు వచ్చినప్పుడు ఎవరికి వారు చక్కగా వాయించి, చెప్పిన చోట ఆపి, పక్కవాడికి అందించారు. ఇల్లు ప్రశాంతంగా ఉంది, కానీ రికార్డు కూడా ప్రశాంతంగానే వచ్చింది.

రెండో కారణం పాటలు పుట్టిన తీరు. ఈ బ్యాండు ఎప్పటి నుంచో ఒక పద్ధతిలో పనిచేసింది. అందరూ ఒక గదిలో చేరి గంటల తరబడి వాయిస్తూ పోతారు, ఎక్కడో ఒక రిఫ్, అంటే పదే పదే తిరిగొచ్చే చిన్న వరుస, దొరుకుతుంది, దాన్ని పట్టుకుని సాగదీస్తారు, మాటలు ఆఖర్న వస్తాయి. ఈసారి నిర్మాతగా మైకేల్ బ్రాడ్‌ఫోర్డ్ వచ్చాడు. అంతకు ముందు రికార్డుల్లో ఆ బాధ్యత గ్లోవర్ మోసేవాడు. బ్రాడ్‌ఫోర్డ్ కిడ్ రాక్ లాంటి వాళ్ళతో పనిచేసినవాడు, పాట ఎలా కట్టాలో తెలిసినవాడు, తానూ రాస్తాడు. ‘హౌస్ ఆఫ్ పెయిన్’, ‘వాక్ ఆన్’ రెండూ గిల్లన్, బ్రాడ్‌ఫోర్డ్ కలిసి రాసినవి. కాబట్టి కొన్ని పాటలు గదిలో పుట్టకుండా, ముందే కట్టి ఉంచిన ఇంటికి బ్యాండు వచ్చి సున్నం వేసినట్టు తయారయ్యాయి. పన్నెండు పాటలు, ఎక్కువ భాగం నాలుగు నిమిషాలకి అటూ ఇటూ. ఆర్గాన్ గొంతు సవరించుకునే లోపు పల్లవి తిరిగి వచ్చేస్తుంది.

శబ్దం మాత్రం శుభ్రంగా ఉంది, అందులో బ్రాడ్‌ఫోర్డ్‌ని తప్పుపట్టను. ప్రతి వాద్యం విడివిడిగా వినపడుతుంది, స్నేర్ (చేతి కర్రలతో కొట్టే ముందరి డ్రమ్ము) దెబ్బ పొడిగా, దగ్గరగా ఉంటుంది. నాలాంటి డ్రమ్మర్‌కి అది పండగే.

పాటల వారీగా చెప్పమన్నారు కాబట్టి చెబుతాను, కానీ అన్నిటి మీదా సమానంగా సమయం పెట్టను.

‘హౌస్ ఆఫ్ పెయిన్’ తలుపు తీసే పాట. వేగంగా వస్తుంది, పోతుంది. ‘రాజిల్ డాజిల్’, ‘సిల్వర్ టంగ్’ కూడా అంతే. రిఫ్‌లు గట్టివి, కానీ ఏ మంచి బ్యాండయినా కట్టగలిగినవి. ‘హాంటెడ్’ మెల్లని పాట. పాల్ బక్‌మాస్టర్ తీగ వాద్యాల అమరిక చేశాడు, వెనక బెత్ హార్ట్ గొంతు కలిపింది. వినడానికి హాయిగా ఉంటుంది, గిల్లన్ కూడా శ్రద్ధగా పాడాడు. అయినా ఆ పాటలో డీప్ పర్పుల్‌ని తీసేసి ఇంకొకరిని పెట్టినా పెద్ద తేడా రాదు. ఈ రికార్డు మీద నాకున్న అసలు అభ్యంతరం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

‘సన్ గోస్ డౌన్’ దగ్గర ఆగండి. ఎయిరీ ఆర్గాన్ గొంతు ఎత్తిన చోటు ఇది. మొదటి పాట తర్వాత వెంటనే ఇది వస్తే, ఇక రికార్డంతా ఇలాగే ఉంటుందని 2003లో నేను ఆశపడ్డాను. నడక బరువుగా ఉంటుంది, పేస్ తొందరపడడు. గిటార్, ఆర్గాన్ ఒకే వరుసను కలిపి వాయిస్తే కలిగే ఆ పాత మందం ఇందులో ఉంది. ఇంకో మూడు నిమిషాలు సాగనిచ్చి ఉంటే గొప్ప పాట అయ్యేది. సరిగ్గా వేడెక్కిన చోట ముగిసిపోతుంది. మీరు మళ్ళీ విన్నప్పుడు ఆఖరి అర నిమిషం గమనించండి, చేతులు ఇంకా వాయించాలని తహతహలాడుతుంటాయి.

‘వాక్ ఆన్’ ఏడు నిమిషాలది, రికార్డులో అన్నిటికన్నా పొడుగు. నిదానమైన బ్లూస్ పాట. గిల్లన్‌కి అప్పటికి యాభై ఏడేళ్ళు. 1970లో ‘చైల్డ్ ఇన్ టైమ్’లో పెట్టిన ఆ కేకలు ఇక రావు, ఆ పాటని కచేరీల్లోంచి కూడా అప్పటికే తీసేశారు. పై స్థాయి తగ్గిన గాయకుడికి రెండు దారులు: ఉన్నట్టు నటించడం, లేదా కింది స్థాయిలో ఉన్న సొగసు వెతుక్కోవడం. ‘వాక్ ఆన్’లో గిల్లన్ రెండో దారి పట్టాడు. మాటని నమిలి, ఆలస్యంగా వదిలి, ఒక మనిషి పక్కన కూర్చుని చెప్పుకుంటున్నట్టు పాడాడు. యువకులకి ఇది మొదటి సారే ఎక్కదు. మీకూ ఎక్కలేదని రాశారు. పదేళ్ళాగి వినండి.

‘పిక్చర్ ఆఫ్ ఇన్నొసెన్స్’, ‘ఐ గాట్ యువర్ నంబర్’ – ఈ రెండు పాటల రచయితల వరుసలో జాన్ లార్డ్ పేరు ఉంది. ఆయన వెళ్ళిపోయే ముందు మొదలైన పని అన్నమాట. నాకు ఈ రెండింటిలో మిగతా వాటికంటే ఎక్కువ జీవం వినపడుతుంది. నడక విరిచి మళ్ళీ అతకడం, రిఫ్ ఒక అడుగు పక్కకి వేయడం వంటి ఆటలు ఉన్నాయి. పేరు చూసి నా చెవి మొగ్గు చూపుతోందేమోనని నా శిష్యులకి పేర్లు చెప్పకుండా వినిపించాను. పన్నెండింటిలో మీకు నచ్చినవి ఏవంటే ఇద్దరు ‘ఐ గాట్ యువర్ నంబర్’ అన్నారు, ఒకడు ‘సన్ గోస్ డౌన్’ అన్నాడు.

రికార్డు పేరున్న పాట ‘బనానాస్’ మన వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఏడు మాత్రల లెక్కలో నడుస్తుంది. రాక్‌లో నాలుగు అలవాటైన చెవికి ఏడు అంటే ఒక మెట్టు తక్కువైన మెట్లవరసలా తూలిపోతున్నట్టుంటుంది. మిశ్రచాపు వింటూ పెరిగిన చెవికి అది ఇల్లే. మీరు తకిట తకధిమి అని నోటితో అనుకుంటూ వినండి, పాట ఒక్కసారిగా తేటపడుతుంది. మన లెక్క, వాళ్ళ లెక్క లోపల విరుపులో ఒకటి కాకపోవచ్చు, కానీ ఏడు పూర్తయ్యాక ‘సమం’ మీద పడే హాయి ఒకటే. ఎయిరీ, మోర్స్ ఒకరి మీద ఒకరు పోటీగా వాయించే ధైర్యం చేసింది కూడా ఇక్కడే. అందుకే ఈ పాట, ‘సన్ గోస్ డౌన్’ వింటే, ఈ బృందంలో ఇంకా ఏం చేయగల శక్తి ఉందో తెలుస్తుంది. మిగతా రికార్డు ఆ శక్తిని ఎందుకు వాడుకోలేదా అనిపిస్తుంది.

‘నెవర్ ఎ వర్డ్’ చిన్నది, మెత్తనిది, అందులో మోర్స్ వేళ్ళ నాజూకు వినండి. ‘డూయింగ్ ఇట్ టునైట్’ నాకు ఎన్నిసార్లు విన్నా నిలవలేదు.

గ్లోవర్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. బేస్ వాయించేవాణ్ణి ఎవరూ గమనించరు. మీరు ఒకసారి రికార్డంతా బేస్ ఒక్కటే వెంబడిస్తూ వినండి. ఆయన పేస్ కాలితో కొట్టే కిక్ డ్రమ్ముకి సరిగ్గా అతుక్కుని ఉంటాడు, వెంట్రుకవాసి కూడా పక్కకి పోడు. ఈ ఇద్దరూ 1969 నుంచి పక్కపక్కన నిలబడినవాళ్ళు, మధ్యలో ఒక పదకొండేళ్ళు విడిపోయినా. పేస్ గట్టి దెబ్బల మధ్య స్నేర్ మీద వినీ వినపడని చిన్న చిన్న తాకిళ్ళు వేస్తుంటాడు. వాటిని తీసేస్తే పాట చచ్చిపోతుంది, ఉంటే ఎవరికీ తెలియదు. నా దగ్గర నేర్చుకునే పిల్లలు గట్టి దెబ్బలు రెండు నెలల్లో పట్టేస్తారు. ఆ మెత్తని తాకిళ్ళకి ఏళ్ళు పడుతుంది. ‘బనానాస్’ బలహీనమైన పాటల కింద కూడా ఆ తాకిళ్ళు ఉన్నాయి. మీకు విసుగు రాలేదన్నారే, దాని వెనక ఉన్నది ఇదే. నేల గట్టిగా ఉంది కాబట్టి మీరు నడిచారు. చూడదగ్గ దృశ్యాలు తక్కువ కాబట్టి గుర్తుండలేదు.

ఇక మీరు ఆ రికార్డు కొనడానికి కారణమైన సంగతి.

కల్పనా చావ్లా హర్యానాలోని కర్నాల్‌లో పుట్టి అమెరికా వెళ్ళి వ్యోమగామి అయ్యారని మనకందరికీ తెలుసు. ఆమె డీప్ పర్పుల్ అభిమాని. 2003 జనవరి 16న కొలంబియా నౌకలో రెండోసారి అంతరిక్షానికి వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళిన సీడీల్లో ‘మెషీన్ హెడ్’, ‘పర్పెండిక్యులర్’ ఉన్నాయి. ఆ జతని గమనించండి, ఒకటి బ్లాక్‌మోర్ కాలానిది, ఒకటి మోర్స్ కాలానిది. పాతదే గొప్ప అని కూర్చునే అభిమాని కాదామె. పైనుంచి బ్యాండుతో ఈమెయిళ్ళు ఇచ్చిపుచ్చుకున్నారు. వ్యోమగాములని నిద్రలేపడానికి భూమి నుంచి పాట వినిపించే ఆనవాయితీ ఉంది. ఆమె కోసం ‘స్పేస్ ట్రకిన్’ వినిపించారు.

ఫిబ్రవరి 1 శనివారం. నౌక తిరిగి వస్తూ టెక్సాస్ ఆకాశంలో ముక్కలైంది. ఏడుగురూ పోయారు. మన గడియారాల్లో అది రాత్రి ఏడున్నర ప్రాంతం. ఆ రాత్రి నేను ఒక రిసెప్షన్లో వాయిస్తున్నాను. పాటకీ పాటకీ మధ్య మా కీబోర్డు వాయించే అతను ఎవరో చెప్పిన మాట విని నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. హాల్లో భోజనాలు జరుగుతున్నాయి, పిల్లలు వేదిక ముందు గంతులేస్తున్నారు. మేము ఆపలేదు, ఆపే వీలు లేదు. కానీ ఆ తర్వాత వాయించినవి ఏ పాటలో నాకు ఇవాళ్టికీ గుర్తు లేదు. ఆమె డీప్ పర్పుల్ వినేదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు కూడా.

ఆ 2003 మొదటి నెలల్లోనే లాస్ ఏంజెలెస్‌లో ‘బనానాస్’ రికార్డింగు జరుగుతోంది. తమకి అంతరిక్షం నుంచి ఉత్తరం రాసిన మనిషి లేదన్న వార్త వాళ్ళకి పని మధ్యలో చేరింది. మోర్స్ ఒక చిన్న వాద్య రచన చేశాడు. దాని పేరు ‘కాంటాక్ట్ లాస్ట్’. భూమ్మీది కేంద్రానికీ నౌకకీ మాట తెగిపోయిందని చెప్పే మాట. రికార్డులో అన్నిటికన్నా ఆఖరిది, అన్నిటికన్నా పొట్టిది, ఒకటిన్నర నిమిషం కూడా నిండదు. ఆ రచన మీద తనకి వచ్చే ఆదాయాన్ని మోర్స్ చనిపోయిన వ్యోమగాముల కుటుంబాలకి ఇచ్చేశాడు.

మోర్స్ గురించి తెలిసినవాళ్ళకి ఈ పొట్టితనంలోని అర్థం తెలుస్తుంది. చేతి వేగానికి ప్రపంచమంతా పేరున్న గిటారిస్టు ఆయన. తీగలు మీటే ప్లెక్ట్రమ్ బిళ్ళని కిందికీ పైకీ వంతులుగా కొడుతూ, ఒక్క స్వరం కూడా మింగకుండా ఎంత వేగంగానైనా పోగలడు. ఒకప్పుడు సంగీతం పక్కన పెట్టి విమానాలు నడిపే ఉద్యోగం కూడా చేశాడు. ఆకాశంలో ఉన్నవాడికి కింద నుంచి గొంతు వినపడకపోవడమంటే ఏమిటో ఆయనకి తెలుసు. ఆ మనిషి ఇక్కడ వేగం జోలికే పోలేదు. నాలుగు స్వరాలు, వాటి మధ్య ఖాళీ, స్వరం పూర్తిగా ఆరిపోయే దాకా ఆగడం. మన వాళ్ళు విలంబంలో ఒక స్వరం మీద నిలబడి దాన్ని చిన్నగా ఊపి వదిలినట్టు ఆయన తీగని లాగి వదిలాడు. నాకు అది చివర తెగిపోయినట్టు వినపడుతుంది, అలా తెగిపోవడమే సరైనది అనిపిస్తుంది.

మీరు నాలుగు సార్లు విన్నా ఇది గుర్తుండలేదంటే, బహుశా పదకొండు పాటలు విని అలసిన చెవితో విన్నారు. ఈసారి ముందు ఇది ఒక్కటే వినండి. రికార్డులో మిగతా పదకొండింటిలో లేనిదేదో ఇందులో ఉంది. వాటిల్లో, పాట కట్టాలి కాబట్టి పాట కట్టారు, చేయి తిరిగిన వాళ్ళు కాబట్టి బాగా కట్టారు. ఇక్కడ మోర్స్‌కి చెప్పుకోవలసిన బాధ ఒకటి వచ్చి పడింది. నేర్పు రెండు చోట్లా సమానమే.

తర్వాత ఏది వినాలన్న ప్రశ్నకి వస్తాను. వెనక్కి వెళ్ళి ‘పర్పెండిక్యులర్’తో మొదలుపెట్టండి. మోర్స్ కొత్తగా చేరినా అక్కడ మర్యాదకి కూర్చోలేదు, ఇంటికి కొత్త కిటికీలు పెట్టేశాడు. ‘టెడ్ ద మెకానిక్’ రిఫ్‌లో ఆయన తీగ మీద తీసే ఆ సన్నని ఈల స్వరాలు గిటార్ నేర్చుకునేవాళ్ళకి పాఠం. ‘సమ్‌టైమ్స్ ఐ ఫీల్ లైక్ స్క్రీమింగ్’ ఈ బ్యాండు తర్వాతి కాలంలో చేసిన అత్యుత్తమమైన పాట అని నా నమ్మకం. లార్డ్ ఇంకా ఉన్నాడు, కొత్తవాడితో ఆయనకి ఉత్సాహం వచ్చింది, అది వినపడుతుంది. ‘అబాండన్’ని మాత్రం తొందరపడి కొనకండి. బరువెక్కువ, గాలి తక్కువ. ‘బనానాస్’ తర్వాత 2005లో వచ్చిన ‘రాప్చర్ ఆఫ్ ద డీప్’ కూడా బ్రాడ్‌ఫోర్డ్‌తోనే చేశారు. ఆ పేరున్న పాటలో తూర్పు దేశాల వాసన ఉన్న వరుస ఒకటుంది, మన చెవికి వెంటనే అందుతుంది. మిగతాది ‘బనానాస్’ స్థాయిలోనే ఉంటుంది.

అసలైన మార్పు 2013లో ‘నౌ వాట్’తో వచ్చింది. నిర్మాత బాబ్ ఎజ్రిన్ వీళ్ళని వేదిక మీద చూసి, మీరు ఇక్కడ వాయిస్తున్నట్టే స్టూడియోలో కూడా వాయించండి, రేడియో కోసం పాటని కుదించకండి అన్న దారిలో నడిపించాడు. సోలోలు సాగాయి, పాటలు విచ్చుకున్నాయి. ఎయిరీకి పదేళ్ళు గడిచాయి, ఇక అతిథిలా కూర్చోవలసిన అవసరం లేకపోయింది. 2012 జులైలో జాన్ లార్డ్ పోయాడు. ఆయన స్మృతికి అంకితం చేసిన ‘అన్‌కామన్ మ్యాన్’ పాట ఆ రికార్డులో ఉంది. గిటార్ నెమ్మదిగా దారి వెతుక్కుంటూ మొదలవుతుంది, తర్వాత ఎయిరీ వచ్చే చోట నేను ప్రతిసారీ చేతిలో పని ఆపేస్తాను. జర్మనీలో ఆ రికార్డు మొదటి స్థానానికి వెళ్ళింది. అదే చేతులు, అదే వయసు, ఇంకా పదేళ్ళు పైబడ్డాయి కూడా. కాబట్టి ‘బనానాస్’లో తగ్గింది వయసు వల్ల తగ్గింది కాదని నేను గట్టిగా చెప్పగలను. తన భార్య అనారోగ్యం కారణంగా మోర్స్ 2022లో బ్యాండు వదిలాడు, ఇప్పుడు సైమన్ మెక్‌బ్రైడ్ వాయిస్తున్నాడు. ఆ కొత్త వాటి సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

‘బనానాస్’ని అమ్మేయాలా, ఉంచుకోవాలా అని చివర్లో అడిగారు. ఉంచుకోండి. నేను చెప్పిన వరుసలో ఒకసారి వినండి: ‘కాంటాక్ట్ లాస్ట్’, ‘సన్ గోస్ డౌన్’, ‘ఐ గాట్ యువర్ నంబర్’, ‘బనానాస్’, ‘వాక్ ఆన్’. ఐదు పాటలు, ఇరవై నిమిషాల పైచిలుకు. ఆ ఐదూ రెండు వారాలు విన్నాక మిగతా ఏడింటికి వెళ్ళండి.

గిటార్ మీద మాత్రం ‘కాంటాక్ట్ లాస్ట్’తో మొదలుపెట్టండి. ఏడాది నేర్చుకున్నవాళ్ళకి స్వరాలు ఒక్క సాయంత్రంలో దొరుకుతాయి. తర్వాత లయ కొట్టే మెట్రోనోమ్ ఆపేసి, ప్రతి స్వరాన్నీ అది తనంతట తాను ఆరిపోయే దాకా పట్టుకుని ఉండటం సాధన చేయండి. తీగ లాగినప్పుడు శ్రుతి సరిగ్గా చేరిందా లేదా అని ముందు నోటితో పాడి సరిచూసుకోండి. మీరు వాయించింది ఫోనులో రికార్డు చేసుకుని మర్నాడు పొద్దున వినండి. ఖాళీలు తొందరపడి పూడ్చేశారేమో అక్కడ తెలుస్తుంది. రికార్డు చేసింది ఇక్కడ పెడితే నేనూ విని చెబుతాను.